కందకు లేని దురద

పోయిన జూన్‌లో మా ఇంట్లో ఒక కుండీ పగిలింది. ఎవరూ తన్నలేదు, పిల్లి పడేయలేదు, గాలివానా లేదు. నల్ల ప్లాస్టిక్ కుండీ ఒకటి తనంతట తానే పై అంచు నుంచి అడుగు దాకా చీలిపోయింది. చీలికలోంచి చేమదుంపలాంటిది బయటికి పొడుచుకొచ్చి కనబడింది.

తనంతట తానే అన్నాను గానీ, అది చాలా నెలల పని అయ్యుండాలి. కుండీ ఒక పక్కకి మెల్లమెల్లగా ఉబ్బుతూ వచ్చి ఉంటుంది. అందానికి దాన్నొక వెదురు బుట్టలో దించి పెట్టాం కాబట్టి నాకు తెలియలేదు. బుట్ట లేకపోయినా తెలిసేదని గట్టిగా చెప్పలేను. నాలుగేళ్లలో ఆ మొక్కని నేను సరిగ్గా చూసింది తక్కువ. అక్కడ ఉందని తెలుసు, అంతే. ఒకసారి ఇంటికొచ్చిన స్నేహితుడు ఆకు పట్టుకుని "ఇది నిజం మొక్కేనా, ప్లాస్టిక్కా?" అని అడిగితే జవాబు చెప్పడానికి నేనూ ఒక్క క్షణం ఆగాను.

నర్సరీల్లో దాన్ని జీజీ ప్లాంట్ అంటారు. శాస్త్రీయ నామం జామియోకల్కస్ జామీఫోలియా. పుట్టిల్లు ఆఫ్రికా తూర్పు భాగం, కెన్యా నుంచి దక్షిణాఫ్రికా దాకా. 1829లో లండన్‌లోని లాడిజెస్ నర్సరీవాళ్లు దీన్ని మొదటిసారి వర్ణించి వేరే పేరు పెట్టారు. ఇప్పుడున్న పేరు 1905లో ఎంగ్లర్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఖాయం చేసింది. ఆ తర్వాత తొంభై ఏళ్ల పాటు తోటల పిచ్చి ఉన్నవాళ్లకి తప్ప పెద్దగా ఎవరికీ పట్టలేదు. 1990ల నడుమ డచ్ నర్సరీలు పెద్ద ఎత్తున పెంచడం మొదలుపెట్టాక ఆఫీసు లాబీల్లోకీ, బ్యాంకుల్లోకీ, మనలాంటి వాళ్ల ఫ్లాట్లలోకీ వచ్చేసింది. ఎందుకంటే దానికి పెద్దగా ఏమీ అక్కర్లేదు. వెలుతురు తక్కువైనా బతుకుతుంది. నెల రోజులు నీళ్లు పోయకపోయినా బతుకుతుంది. దుంపల్లోనూ లావాటి కాడల్లోనూ నీళ్లు దాచుకుంటుంది. మరీ కరువొస్తే ఎడారి మొక్కల్లాగా పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి తీసుకునే ఏర్పాటు కూడా దానికి ఉంది.

అమ్మేవాళ్లు దీన్ని 'లో మెయింటెనెన్స్' అంటారు. ఆ మాట మనుషులకీ వాడతాం. పెళ్లి సంబంధాల మాటల్లో విన్నాను. మా ఆఫీసులో ఒకతని గురించి "చాలా లో మెయింటెనెన్స్ మనిషి" అని మెచ్చుకోవడమూ విన్నాను. అప్రైజల్ అప్పుడు నోరు విప్పడని దాని అర్థం. మెచ్చుకునేవాడికి మిగిలే డబ్బే ఆ మెచ్చుకోలు.

మా మొక్క నేను కొన్నది కాదు. 2020 ఫిబ్రవరిలో మా ఫ్లాట్ గృహప్రవేశానికి మా అక్క తెచ్చింది. అక్క వాళ్లు ఉండేది రాజమండ్రిలో. కడియం నర్సరీల్లో కొని, గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా కాళ్ల దగ్గర పెట్టుకుని తెచ్చింది. "దీనికేమీ చెయ్యక్కర్లేదురా. నెలకోసారి ఓ గ్లాసుడు నీళ్లు పోస్తే చాలు. నీలాంటి వాడికి ఇదే కరెక్టు" అంది. అందరం నవ్వాం.

కుండీ పగిలిన ఆదివారం మా ఇంటికి దగ్గర్లో ఉన్న నర్సరీకి వెళ్లాను. మళ్లీ పదేళ్ల దాకా ఈ పని పడకూడదని, ఉన్నవాటిల్లో పెద్ద కుండీ చూపించాను. అక్కడి పెద్దాయన ఒప్పుకోలేదు. "గంత పెద్దది వద్దు సార్, కుళ్లిపోతది" అన్నాడు. ఎందుకని అడిగితే చెప్పాడు. వేళ్లు నడుమ కొంచెం జాగాలోనే ఉంటాయి, చుట్టూ ఉన్న మట్టిలో నీళ్లు అలాగే నిలిచిపోతాయి, తాగేవాళ్లు ఉండరు, ఆ తడికి దుంప మెత్తబడి పోతుంది. పాత కుండీ కంటే ఒకటి రెండు అంగుళాలు వెడల్పుంటే చాలట. అడుగున కన్నాలు ఉన్నాయా లేదా అన్నదే ముఖ్యమట. కుండీతో పాటు ఎర్రమట్టి, కోకోపీట్, పెర్లైట్, కొంచెం వర్మీకంపోస్టు ఇచ్చి, మట్టి బిగుసుకోకుండా కలపమన్నాడు. నేను డబ్బులిచ్చి బయల్దేరుతుంటే వెనక నుంచి పిలిచి, "మార్చినంక నీళ్లు పొయ్యకు సార్, వారం పది రోజులు ఆగు" అన్నాడు.

బాల్కనీలో పేపర్లు పరిచి కూర్చున్నాను. పాత కుండీని కత్తెరతో కోసి తీయాల్సి వచ్చింది. తీసేశాక ఒక వింత చూశాను. కుండీ పోయినా కుండీ ఆకారం పోలేదు. తెల్లటి వేళ్లు ఒకదాని మీద ఒకటి గుండ్రంగా చుట్టుకుని అచ్చం ఆ కుండీలాగే బిగుసుకున్నాయి. అడుగున కన్నాల ముద్రలతో సహా. మట్టి దాదాపు లేదు. నాలుగేళ్ల కిందట ఎంత మట్టి ఉండేదో, అదంతా ఎటు పోయిందో. మొత్తం దుంపలే. ఏడు లెక్కపెట్టాను. ఒకటి నా పిడికిలంత ఉంది. పైన చూస్తే పదకొండు కొమ్మలు, అన్నీ నూనె రాసినట్టు నిగనిగలాడుతున్నాయి. కింద ఊపిరాడని ఆ ముద్దకీ పైన ఆ నిగనిగకీ ఏమన్నా సంబంధం ఉందా అనిపించింది. పైనుంచి ఎన్నిసార్లు చూసినా కింద ఉన్నది నాకు తెలిసేది కాదు.

వేళ్లని వేళ్లతోనే మెల్లగా విడదీశాను. విడదీయడానికి అరగంట పైనే పట్టింది. లోపలి దుంప ఒకటి ఒక పక్క మెత్తబడి గోధుమరంగులోకి తిరిగింది. ఆ భాగాన్ని బ్లేడుతో కోసేశాను. జిగురులాంటి రసం చేతికంటింది. తర్వాత తెలీక మణికట్టు మీద రుద్దుకున్నాను. ఐదు నిమిషాల్లో దురద మొదలైంది.

మా ఆవిడ వచ్చి చూసి, "కంద కోసినట్టుందే" అంది.

ఊరికే అన్నమాట గానీ, నిజంగా అది అంతే. జీజీ ప్లాంటూ కందా చేమా అన్నీ ఒకే కుటుంబం. మనీ ప్లాంటు కూడా. వీటన్నిటి కణాల్లో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి, కంటికి కనపడని సూదులు. కోసినప్పుడో నమిలినప్పుడో అవి బయటపడి గుచ్చుకుంటాయి. అందుకే మా వైపు కంద కోసే ముందు చేతులకి నూనె రాసుకుంటారు. కంద బచ్చలి కూరలో చింతపండు పులుసు పోసేదీ రుచికి మాత్రమే కాదు.

చేతులు కడుక్కుంటుంటే సామెత గుర్తొచ్చింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? ఆ సామెత నేను ఆఖరిసారి విన్నది ఎక్కడో కూడా గుర్తొచ్చింది. 2018లో, రాజమండ్రిలో, రిజిస్ట్రేషన్ ఆఫీసు వరండాలో.

నాన్న 2017లో పోయాడు. అమ్మ అంతకుముందే పోయింది. నాన్న తన జీతంతో కట్టుకున్న ఇల్లు ఒకటుంది. వీలునామా ఏమీ రాయలేదు. అలాంటి ఆస్తిలో కొడుక్కి ఎంతో కూతురికీ అంతే. దీనికి ఎన్టీఆర్ హయాంలో వచ్చిన సవరణ గానీ, 2005లో వచ్చిన కేంద్ర సవరణ గానీ అక్కర్లేదు. అవి ఉమ్మడి కుటుంబపు ఆస్తి సంగతి. తండ్రి సొంతంగా సంపాదించి వీలునామా లేకుండా వదిలిన దాంట్లో కూతురి భాగం 1956 చట్టంలోనే ఉంది. అంటే మా నాన్న ఇల్లు కట్టక ముందు నుంచీ ఉంది. ఈ సంగతి నాకు అప్పుడు తెలుసు. తెలీదని చెప్పుకునే అవకాశం కూడా నాకు లేదు.

అయినా అక్క సంతకం పెట్టింది. తన హక్కు నాకు విడుదల చేస్తున్నట్టు దస్తావేజు. మా ఇళ్లలో అది చర్చించే విషయం కాదు, ఆడపిల్లలు సంతకం పెడతారు. పెళ్లికి పెట్టిన ఖర్చు ఉండనే ఉంది కదా అంటారు. ఆ లెక్కే చూస్తే నా ఇంజనీరింగ్ సీటుకి నాన్న కట్టిన డొనేషను కూడా ఉండాలి. అక్క గవర్నమెంటు కాలేజీలో డిగ్రీ చదివింది. నాన్న చివరి మూడేళ్లూ మంచం మీద ఉంటే చూసుకున్నదీ తనే. ఇవేవీ ఏ కాగితం మీదా లేవు.

ఆరోజు వరండాలో వేచి ఉన్నప్పుడు నాకు ఏదోలా అనిపించింది. మావయ్యతో అన్నాను, "అక్కకి సగం ఇవ్వాలేమో మావయ్యా" అని. ఆయన నవ్వి, "అది అడిగిందా? కందకి లేని దురద నీకెందుకురా" అన్నాడు. నాకు హాయిగా అనిపించింది. ఆ హాయిని దాచిపెట్టి ఈ వ్యాసం రాస్తే అబద్ధమవుతుంది. మనకి కావలసిన జవాబు ఒక సామెత రూపంలో, పెద్దవాళ్ల నోట్లోంచి వస్తే ఎంత సుఖంగా ఉంటుందో. తర్వాతి ఏడాది ఆ ఇల్లు అరవై రెండు లక్షలకి అమ్మాం. 'అమ్మాం' అంటున్నాను, అమ్మింది నేను. పసుపు కుంకుమ కింద అక్కకి రెండు లక్షలు ఇచ్చాను. మిగతాది ఈ ఫ్లాటులోకి వచ్చింది.

ఆరేళ్ల తర్వాత, మణికట్టు గోక్కుంటూ, ఆ సామెత గురించి ఆలోచించాను. దాంట్లో ఒక మోసం ఉంది. కందకి సంబంధించిన సంగతి కందకే వదిలెయ్, నడుమ మూడో మనిషివి నీకెందుకు అని అది చెబుతున్నట్టు ఉంటుంది. పొరుగువాళ్ల గొడవల్లో దూరేవాళ్లకి అది సరైన జవాబే. కానీ కత్తిపీట మూడో మనిషా? కందని కోసేది అదే కదా. వరండాలో నేను పక్కింటివాడిని కాదు. ఆ సంతకంతో లాభపడేవాడిని. కోసేవాడినే పట్టుకుని "నీకెందుకయ్యా బాధ" అని ఓదార్చే సామెత అయింది అది నా విషయంలో.

రెండోది, కందకి దురద లేదన్న మాట. దురదంతా కందలోనే ఉంది! అది పైకి చెప్పే పద్ధతి దానికి లేదు, అంతే.

'అడగనిదే అమ్మయినా పెట్టదు' అని ఇంకో సామెత. దీన్ని మనం అడిగేవాడికి నేర్పే పాఠంగా వాడతాం, నోరు తెరిచి అడగరా అని. పెట్టేవాళ్ల వైపు నుంచి చూస్తే అదొక నేరాంగీకారంలా ఉంటుంది. అడిగినవాళ్లకే పెడతాం అని ఒప్పుకోవడం. మా ఇంట్లో అడిగేవాడిని నేను. కంచంలో కూర నచ్చకపోతే అలిగేవాడిని, బట్టలు, బండి, హాస్టలు మార్చడం, అన్నీ అడిగేవాడిని. అమ్మ అక్క గురించి చుట్టాలతో గర్వంగా చెప్పేది, "దానితో నాకే బాధా లేదమ్మా, ఏది పెడితే అది తింటుంది" అని. తను ఏది తినేదో నాకు ఇప్పుడు గుర్తులేదు. ఇష్టమైన కూర ఏమిటో చెప్పమంటే చెప్పలేను.

అడగకపోవడాన్ని అవసరం లేకపోవడంగా చదవడం ఎంత పెద్ద తప్పో అమర్త్య సేన్ ఒక లెక్క చూపించాడు. 1943 బెంగాల్ కరువు తర్వాతి ఏడు, 1944లో, కలకత్తా దగ్గర సింగూరులో ఆరోగ్య సర్వే ఒకటి జరిగింది. భార్య పోయిన మగవాళ్లనీ, భర్త పోయిన ఆడవాళ్లనీ మీ ఆరోగ్యం ఎలా ఉందని అడిగారు. జబ్బుగా ఉందనో అంతంత మాత్రంగా ఉందనో చెప్పిన మగవాళ్లు 48.5 శాతం. ఆడవాళ్లు 2.5 శాతం. కరువు దాటిన పల్లెలో, ఆ కాలపు బెంగాలులో, విధవల ఆరోగ్యం అంత బాగుండే అవకాశం ఉందా? సేన్ చెప్పేదేమిటంటే, చాలాకాలం లేమిలో బతికినవాళ్లు తమ కోరికల్ని దొరికేదాని కొలతకి కుదించుకుంటారు. ఫిర్యాదు చెయ్యడం అనే అలవాటే పోతుంది. కాబట్టి వాళ్లు 'బాగానే ఉన్నాం' అంటే అది వాళ్ల స్థితికి సాక్ష్యం కాదు. ఈ సంగతి చదివినప్పుడు బాల్కనీలో నేను చూసిన వేళ్లు గుర్తొచ్చాయి. వాటి ఆకారం వాటిది కాదు, కుండీది.

ఇక్కడ నన్ను ఆపదగ్గ ప్రశ్నలు రెండున్నాయి. మొదటిది చిన్నది. మొక్కకి బాధ ఉంటుందా? పీటర్ సింగర్ 1975లో జంతువుల తరఫున అంత పెద్ద వాదన చేసినప్పుడు కూడా గీత మొక్కల ముందే గీశాడు. బాధ అనుభవించగల శక్తి ఉన్నవాటి వరకే. నాకూ ఆయన మాట సరే అనిపిస్తుంది. మన కరుణశ్రీ పుష్ప విలాపంలో పూలకి నోరు ఇచ్చాడు కాబట్టి ఘంటసాల గొంతులో అవి ఏడిస్తే మనకీ ఏడుపొచ్చింది. ఆకులు నిగనిగలాడే జీజీ ప్లాంటుకి అలా నోరివ్వాలన్న ఉద్దేశం నాకు లేదు. దానికి నేను అన్యాయం చేశానని అనుకోవడం లేదు. దాని దగ్గర నేను ఎలా మెలిగానో అదే నా పద్ధతి అని మాత్రం తెలిసింది.

రెండో ప్రశ్న కష్టమైనది, దాని దగ్గర చాలా రోజులు ఆగిపోయాను. అక్క చదువుకున్న మనిషి. యాభై దగ్గరికొచ్చిన మనిషి. వద్దు అంది. ఆ 'వద్దు'ని 'కావాలి' అని చదవడానికి నేనెవరిని? నీ మనసులో ఏముందో నీకంటే నాకు బాగా తెలుసు అనడం కంటే పెద్ద అవమానం ఉందా? ఆడవాళ్లు కాదంటే అవుననిలే అని మన సినిమాలు చేసిన పాడుపని చాలదా? ఒక మనిషి ఏమీ అక్కర్లేదని నిజంగానే అనుకోవచ్చు. కొందరికి నిజంగానే తక్కువ చాలు. అదొక దర్జా కూడా. దాన్ని లేమి అని కొట్టిపారేయడం మనలాంటి అడిగేవాళ్ల పొగరు కావచ్చు.

పైగా మొక్క నాకు నేర్పిన సంగతి ఇంకోటుంది. లాక్‌డౌన్ మొదటి నెలల్లో, ఇంట్లో తోచక, రోజూ దానికి నీళ్లు పోశాను. ఆ మొత్తం నాలుగేళ్లలో నేను దాన్ని పట్టించుకున్నది అప్పుడే. మూడు కొమ్మలు పసుపుపచ్చగా మారి, మొదట్లో మెత్తబడి వాలిపోయాయి. నీళ్లు లేక చచ్చే జీజీ ప్లాంట్లు తక్కువ, నీళ్లెక్కువై చచ్చేవే ఎక్కువ. అక్క విషయంలో కూడా అలాంటి పని చేశాను. మనసు గుచ్చుకున్నప్పుడల్లా ఏదో ఒకటి పంపేవాడిని. ఒక దీపావళికి డబుల్ డోర్ ఫ్రిజ్ ఆర్డర్ పెట్టాను, చెప్పకుండా. అది వాళ్ల వంటగది గుమ్మంలో పట్టలేదు. ఇప్పటికీ హాల్లో టీవీ పక్కన ఉంటుంది. బావ దాని మీద హెల్మెట్ పెడతాడు. "ఎందుకురా ఇవన్నీ" అంది అక్క ఫోన్లో. నిజమే, ఎందుకు? ఆ ఫ్రిజ్ అక్క కోసం కొన్నది కాదు, నా నిద్ర కోసం కొన్నది.

మరి ఏం చెయ్యాలి? నర్సరీ పెద్దాయన ఇంకో మాట కూడా చెప్పాడు. నీళ్లు పొయ్యాలా వద్దా అని ఆకుల్ని చూసి చెప్పలేం, వేలు రెండు అంగుళాలు మట్టిలో పెట్టి చూడు, తడి తగిలితే ఊకో, పొడిగుంటే పొయ్యి అని. ఎంత చిన్న పని. నీళ్లు పోయడం కాదు, పోయకపోవడం కూడా కాదు. ముందు చూడటం. నాలుగేళ్లలో నేను ఒక్కసారి కూడా చెయ్యనిది అదే.

అక్కని నేను అడగలేదా? అడిగాను. ఏమని అడిగానో మాట మాట గుర్తుంది. దస్తావేజు టైపు అయిపోయింది, సాక్షులు వచ్చేశారు, మావయ్య సెల్లో టైము చూసుకుంటున్నాడు. అప్పుడు అడిగాను, "నీకేం అభ్యంతరం లేదుగా అక్కా?" అని.

ఆ 'గా' చూడండి. "అన్నం తిన్నావా?" అంటే ప్రశ్న. "అన్నం తిన్నావుగా?" అంటే తిన్నావనే అనుకుంటున్నాను, లేదని చెప్పి నన్ను ఇబ్బంది పెట్టకు అని. జవాబు ప్రశ్నలోనే పెట్టి చేతికిచ్చేస్తాం, ఎదుటివాళ్లు తలూపితే చాలు. అక్క తలూపింది. "నాదేముందిరా" అంది. ఆ మాటకి వేరే అర్థం కూడా ఉందని, అక్షరాలా నిజంగా ఆ క్షణం నుంచి తనదంటూ ఏమీ ఉండదని, అప్పుడు తట్టలేదు.

కాబట్టి నేను అక్క 'వద్దు'ని తోసిపుచ్చాలా గౌరవించాలా అన్న ప్రశ్నే తప్పు ప్రశ్న. తను వద్దు అనలేదు. తనని ఎవరూ అడగలేదు. అడిగి, కాదనడానికీ ఔననడానికీ సమానంగా చోటిచ్చి, అప్పుడు వద్దంటే ఆ మాటకి తలవంచాలి. చోటు ఇవ్వకుండా ఊపించుకున్న తల సమ్మతి అవదు. ఇది చట్టం ఒప్పుకోకపోవచ్చు, దస్తావేజు చెల్లుతుంది. చెల్లడం వేరే సంగతి.

ఆగస్టులో రాజమండ్రి వెళ్లాను. ఏ స్వీట్లూ తీసుకెళ్లకూడదని అనుకున్నాను, మళ్లీ తీసుకెళ్లాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఒక తెల్లకాగితం మీద రాసుకొచ్చిన అంకెలు అక్క ముందు పెట్టాను. ఇల్లు అమ్మిన రేటు, అందులో సగం. 'గా' రాకుండా మాట్లాడటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. "అక్కా, నాన్న ఇంట్లో నీ భాగం ముప్పై ఒక్క లక్ష. అది నా దగ్గరుంది. నీకు కావాలా వద్దా అని అడగడానికి వచ్చాను. ఇవాళే చెప్పక్కర్లేదు. వద్దంటే మళ్లీ అడగను. కావాలంటే ఎలా ఇవ్వగలనో ఆలోచిద్దాం" అన్నాను. ముందే అనుకుని వెళ్లిన మాటలు కాబట్టి న్యూస్ చదివినట్టు వచ్చాయి.

బావ టీవీ సౌండు తగ్గించాడు. టీవీ వైపే చూస్తున్నాడు. అక్క కాగితం తీసుకుని కొంచెంసేపు చూసింది. ఇప్పుడెందుకురా ఇవన్నీ అంటుందని ఎదురుచూశాను. అంటే ఒప్పుకుందామని కూడా, నిజం చెప్పాలంటే, లోపలెక్కడో ఉంది.

"ముప్పై ఒకటి కాదురా, ఇరవై తొమ్మిది" అంది. "అప్పుడు రెండు ఇచ్చావు కదా."

కాగితం చూసి వేసిన లెక్క కాదది. అంకె ముందే సిద్ధంగా ఉంది. ఎన్నేళ్లుగా ఉందో నేను అడగలేదు, తను చెప్పలేదు. తర్వాత "ఎప్పటికిస్తావు?" అంది. కోపంగా కాదు, ఏడుస్తూ కాదు, పాలవాడిని అడిగినట్టు. మేనకోడలు బీటెక్ మూడో ఏడు. ఫీజులకి బావ పీఎఫ్ మీద అప్పు తీశాడని ఆ మధ్యాహ్నమే నాకు తెలిసింది. అదే ఏడాది నేను ఫ్రిజ్ పంపాను.

విడతలుగా ఇస్తానన్నాను. తను కాసేపు ఆగి, "మీ ఆవిడకి చెప్పావా?" అని అడిగింది. చెప్పలేదు. "ముందు తనతో మాట్లాడు. తనకీ పిల్లాడున్నాడు" అంది.

ఇంటికొచ్చి చెప్పాను. మా ఆవిడకి ఇవ్వడం మీద అభ్యంతరం లేదు. తనకి చెప్పకుండా లెక్క కట్టి, కాగితం రాసి, రాజమండ్రి దాకా వెళ్లి వచ్చినందుకు వారం రోజులు మాట్లాడలేదు. "నేనేమీ అననులే అనుకున్నావు" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే సరిగ్గా అదే అనుకున్నాను. తర్వాత ఇద్దరం కూర్చుని హోమ్ లోన్ కాగితాలు ముందేసుకుని చూశాం. నాలుగేళ్లు పడుతుంది. మొదటి విడత సెప్టెంబరులో పంపాం.

మొక్కకి కుండీ మార్చిన పదో రోజున వేలు పెట్టి చూసి నీళ్లు పోశాను. ఒక కొమ్మ పసుపుపచ్చబడి రాలింది, మిగతా పది బాగానే ఉన్నట్టున్నాయి. పైకి చూసి చెబుతున్న మాట అది. వెదురు బుట్ట తీసేశాం.